పత్తి గింజను ప్రశ్నించిన బాలత్రిపురసుందరి గారు

1953వ సంవత్సరం జూలై 9వ తేదీన శ్రీమతి బాలత్రిపురసుందరి గారు గుంటూరులోని మన పరిశోధనా కేంద్రంలో రసాయన విభాగ సహాయకురాలిగా చేరారు. ఇరవై మూడేళ్ల ఆమెకు అప్పగించిన తొలి పని కనిగిరి మెట్టభూముల మట్టి పరీక్ష. ఫలితాలు రాసి పంపితే సరిపోయేదే. ఆమె మాత్రం బస్సెక్కి వెళ్లి, ఆ మట్టిలో పైరు ఎలా ఉందో కళ్లారా చూసి వచ్చి, సందేహం మిగిలితే మళ్లీ పరీక్షించేవారు. 1968లో గింజల రసాయన పరీక్షల బాధ్యత స్వీకరించారు. 1979లో విభాగాధిపతి అయ్యారు.

వంగడాల విభాగంలో పనిచేస్తున్న నాకు వారి విలువ తెలిసింది 1982లో. రెండు వేర్వేరు పత్తి జాతులను సంకరం చేసి, తొమ్మిదేళ్ల శ్రమతో నేనొక వంగడాన్ని రూపొందించాను. ఆకు రసం పీల్చే పచ్చదోమ దాని జోలికి రాదు. తొలకరికి రైతులకు విడుదల చేయాలని నిశ్చయమైంది.

ఆ ఫిబ్రవరిలో, మా వంగడాన్ని ప్రయోగాత్మకంగా సాగుచేసిన నల్లపాడు రైతు బాపయ్య గారి భార్య వెంకటరావమ్మ కార్యాలయానికి వచ్చి, ఒక గుడ్డు పగలగొట్టి గిన్నెలో పోసింది. పచ్చసొన ఆకుపసరు రంగులో ఉంది.

"నాలుగు రోజులు నిలవుంచితే ఇట్టా అయిపోతందండీ. మీ కొత్త గింజలు రుబ్బి గేదెలకు పెడతన్నా. ఆ పిండే కోళ్లూ తింటన్నయ్. దూడ కూడా నీరసంగా ఉంటంది."

"కోళ్లకేదో తెగులమ్మా, పశువుల డాక్టరుకు చూపించు" అన్నాను నవ్వుతూ.

అక్కడే ఉన్న సుందరి గారు మాత్రం నవ్వలేదు. "ఓ కిలో గింజలు పంపించమ్మా" అన్నారు.

పత్తి గింజలోనూ ఆకులోనూ గాసిపోల్ అనే విషపదార్థం సహజంగానే ఉంటుంది. మొక్కకు పురుగుల నుంచి రక్షణ అదే. మోతాదు మించితే కోళ్లకూ లేగదూడలకూ హాని అదే. వారం తర్వాత ఆమె ఇచ్చిన ఫలితం ప్రకారం మా వంగడపు గింజలో ఆ విషం, రెండు మాతృజాతులలో ఎక్కువున్న దానికి సైతం ఒకటిన్నర రెట్లు ఉంది.

"తల్లిలోనూ తండ్రిలోనూ లేనంత విషం పిల్లలోకి ఎక్కణ్ణుంచి వస్తుందండీ? మీ లెక్కే తప్పు. నా తొమ్మిదేళ్ల కష్టం మీకు ఆటగా ఉందా?" అని అందరి ముందూ గట్టిగా అరిచాను.

"అదే నాకూ అర్థం కావడం లేదు సంజీవరావు గారూ. ఎంత చిత్రంగా ఉందో చూడండి! గింజలు మీరే తూచండి. ఏ పొట్లం దేనిదో నాకు చెప్పకండి" అన్నారామె.

మూడు పొలాల్లో పండిన మా వంగడం, మాతృజాతుల గింజలను గుర్తులు మాత్రమే రాసిన పొట్లాలలో ఇచ్చాను. మూడుసార్లూ ఫలితం మారలేదు. విడుదల నిలిచిపోయింది. రెండు జాతులు కలిసినప్పుడు వాటి రసాయనాలు సగంసగంగా సంక్రమించవనీ, సంతానంలో ఒకటి ఉప్పొంగవచ్చుననీ, మరొకటి అణగవచ్చుననీ నాకు నేర్పింది ఆ పొట్లాలే.

"విషం పెరిగిన మొక్కలున్నాయంటే తరిగినవీ ఉంటాయేమో, వెతుకుదామా?" అని ఆ తర్వాత అడిగినదీ ఆమే. నాలుగేళ్లపాటు ఒక్కొక్క మొక్క గింజనూ, ఆకునూ విడివిడిగా పరీక్షించారు. 1986లో, ఆకులో విషం దాదాపు అంతే ఉండి, గింజలో సగానికి తగ్గిన సంతతి వరస ఒకటి దొరికింది. "ఎందుకిలా?" అని ఆమె ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు; మా వద్ద సమాధానం లేదు.

నేడు రైతుల పొలాలలో పరీక్షకు వెళ్లిన వంగడం ఆ వరస నుంచి వచ్చినదే. పత్రాలలో రూపకర్తగా నా పేరొక్కటే ఉంది. వారి పేరు కూడా చేర్చమని నిన్ననే పై అధికారులకు లేఖ పంపాను. ఆనాటి నా దురుసు మాటకు ఆరేళ్లుగా చెప్పలేకపోయిన క్షమాపణను, వారి కుటుంబసభ్యులందరూ చదివే ఈ సంచికలో సవినయంగా చెప్పుకుంటున్నాను.

1988 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న సుందరి గారు సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలనీ, తోచినప్పుడల్లా మా విభాగపు తలుపు తట్టి మేము జవాబు చెప్పలేని ప్రశ్నలు అడుగుతూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాను.