లోపలి గొళ్లెం

గద్వాల బస్టాండు. పొద్దున ఎనిమిది దాటింది. ప్లాట్‌ఫారం మీద మూట పక్కన పెంటమ్మ. ఆమె ముందు గొంతుక్కూర్చున్న షెల్టర్ మేనేజర్ సుదర్శన్.

“రాను అంటే రాను సారు. ఎన్నిసార్లు చెప్పాలె.”

“ఒక్క పూట పెంటమ్మా. పదకొండుకు తనిఖీ మేడం వస్తది, పన్నెండుకు పోతది. నువ్వు మంచం మీద కూసుంటే చాలు. కూసునుడు గూడ కష్టమేనా?”

“కూసునుడు నాకు మస్తు వచ్చు. ఏడాదిన్నర సంది గదే పని.”

“ఇక్కడ సిమెంటు మీద కూసుంటున్నవు. అక్కడ పరుపు. ఫ్యాను. నెత్తి మీద స్లాబు.”

“పన్నెండు దాటినంక?”

“దాటినంక ఏంది?”

“పరుపు ఉంటదా, మళ్ల బీరువల పెట్టి తాళమేస్తవా?”

“గట్ల వంకర మాట్లాడితే ఎట్ల. షెల్టర్ ఉన్నది మీ కోసమే కదా. ఇల్లు లేనోళ్ల కోసం. బోర్డు మీద గంత పెద్దగ రాసిపెట్టినం.”

“బోర్డు చూసిన సారు. మా ఊరి సర్పంచి ఇంటికన్న మంచి రంగేసిండ్రు. పోయిన చలికాలం గా బోర్డు కిందనే కదా నిలవడ్డ. ఆధార్ కారటు అడిగితివి.”

“అది రూలు.”

“కారటు ఇచ్చిన. చూసి ఏమన్నవు?”

“నాకు యాదికి లేదు.”

“నాకుంది. ‘మీ ఊరు పెద్దమందడిల ఇంటి నంబరు ఉన్నది, నువ్వు ఇల్లు లేనిదానివి ఎట్లయితవు’ అన్నవు. వానకు గోడలు కూలి రెండేండ్లాయె సారూ అంటె, కూలినట్టు కాయిదం తెమ్మన్నవు. కూలెటప్పుడు కాయిదం ఇయ్యాలని ఆ గోడలకు ఎర్కలేకపాయె.”

“అప్పటి మాట అప్పుడే. ఇప్పుడు కారటు గీరటు ఏం వద్దు. పేరు చెప్తె నేనే రాసుకుంట.”

“ఇయ్యాల నీకు నేను కావాలె. గందుకే ఇల్లు లేనిదాన్నైన.”

“అబ్బా. మొగోళ్లను ఎట్లనో జమచేసిన. కురుమూర్తికి స్నానం చేపిచ్చి, గడ్డం గీపిచ్చి కూసోపెట్టిన. ఆడోళ్ల రూముల ఒక్క పురుగు లేదు. వస్తున్నది ఆడమనిషి, ముందుగాల గా రూముకే పోతది. ఖాళీగ ఉంటె షెల్టరే మూసెయ్యమని రాస్తది. మూస్తె నీకే కదా నష్టం.”

“అవును, మస్తు నష్టం. నేను ఎన్నడు పండుకోని ఇల్లు మూస్తె నాకు నిద్రెట్ల పడ్తది.”

“నవ్వు, నవ్వు. ఇక్కడైనా ఎన్ని దినాలుంటవు? ఎల్లుండి సంది ప్లాట్‌ఫారం తవ్వుతరట, టైల్స్ ఏస్తరట. అందర్ని లేపుతరు. అప్పుడేడికి పోతవు?”

“చూస్త.”

“ఏం చూస్తవు? యాడికి పోతవో చెప్పు.”

“గదే ఆలోచన చేస్తున్న సారు. నా ఒక్కదానికైతె ఫికర్ లేదు. దవాఖాన వరండల పడుంట, లేకుంటె దర్గ కాడ పడుంట. ఆ పిల్ల ఉన్నది కదా.”

“ఏ పిల్ల?”

“రోజా. అగ్గో, రాయచూరు బస్సులు ఆగే కాడ, స్తంభానికి ఒరిగి పండుకుంది. పచ్చ చున్నీ.”

“ఆమె... నీ దగ్గరనే ఉంటదా?”

“నా దగ్గర కాకుంటె ఎవలి దగ్గరుంటది. ఏడాదాయె. లేపుకొస్త, చూస్తవా?”

“వద్దు వద్దు, లేపకు. పండుకోనీ. పాపం.”

“జనాలు తిరిగేటప్పుడు గింత కునుకు తీస్తది, గంతే. రాత్రంత కూసునే ఉంటది, కండ్లు తెర్సుకొని. ఎవడన్న బీడీ కోసం అటు నడిసినా లేసి నిలవడ్తది. మొన్న జరమొచ్చి ఒళ్లు కాలిపోతుంటె గూడ నడుం వాల్చలే. డాక్టరమ్మ చూసి, గోళీలు గాదు పెంటమ్మా, దీనికి తలుపున్న జాగ చూడు అన్నది. గిట్లనే నిద్ర లేకుంటుంటె పిల్ల దక్కదు అన్నది.”

“ఏమన్న మాట్లాడ్తదా?”

“ఏం మాట్లాడ్తది. పేరు గూడ చెప్పలే. చెయ్యి మీద పచ్చబొట్టు ఉంటె కండక్టరు చదివి చెప్పిండు, రోజా అని. వేళ్లు చూస్తె మాత్రం నాకెర్కైంది. సీడు పత్తి చేన్ల పువ్వుకు పువ్వు రుద్ది క్రాసింగ్ చేసిన వేళ్లు. ఏ ఊరి గుంపుతోటి కూలికొచ్చిందో, ఎట్ల తప్పిపాయెనో.”

“అంటె, ఒక్క మాట గూడ...”

“ఒక్క మాట లేదు. పోయినేడు వానల్ల, తెల్లారంగ మీ సందుల నుంచి నడిసొచ్చింది. కాళ్లకు చెప్పుల్లెవ్వు. అప్పటి సంది గంతే.”

“మా సందంటె మా షెల్టరేనా ఏంది? ఆ సందుల నలభై ఇండ్లున్నయి.”

“నేను షెల్టరని అన్ననా? సందు అన్న.”

“అప్పటి వాచ్‌మన్ మంచోడు కాదని అందరన్నరు. తీసేసినం కదా.”

“తీసేస్తిరి, మంచిపని చేస్తిరి. ఇప్పుడెవలున్నరు?”

“ఎవలు లేరు. కొత్తోన్ని పెట్టుమంటె షెల్టర్ నడిపే సొసైటోళ్లు పలుకరు. రాత్రి పగలు నేనే చూస్కుంటున్న.”

“పాపం. నువ్వు గూడ ఇల్లు లేనోనివైతివి.”

“ఇంతకు వస్తవా, రావా? నువ్వు ఒక్కదానివొస్తె చాలు. ఆ పిల్లను ఇక్కడనే ఉండనీ.”

“ఆడోళ్లు లేరని ఇప్పుడే కదా ఏడ్చినవు. ఇద్దరొస్తె చేదా?”

“ఆమె తలకాయ మంచిగ లేదు. మేడం ముంగట లొల్లి చేస్తె?”

“నోరే లేనిది లొల్లి ఎట్ల చేస్తది సారు. వస్తె ఇద్దరం వస్తం. లేకుంటె చీర కట్టుకొని నువ్వే ఆ ఫ్యాను కింద కూసో.”

“అస్సలు మాట్లాడదు కదా?”

“ఎన్నిసార్లు అడుగుతవు. మాట్లాడదు.”

“సరే. తోల్కరా.”

“ఆగు, ఇగ నా మాట ఉన్నది. పోయిన చలికాలం వచ్చినప్పుడు చూసిన, ఆడోళ్ల రూముకు లోపల గొళ్లెం లేదు. బయట ఉన్నది. గదెవలి తెలివి సారు?”

“అది భద్రత కోసం. ఎవలన్న లోపలేసుకొని ఏమన్న చేసుకుంటె?”

“బయటి గొళ్లెం తీసి లోపలికొచ్చి ఎవలన్న ఏమన్న చేస్తె?”

“నువ్వు ప్రతిదానికి ఒకటి అంటవు.”

“బర్రెల కొట్టానికి గొళ్లెం బయటుంటది. మనుషులుండే ఇంటికి లోపలుంటది. నాకు నీ పరుపొద్దు, ఫ్యానొద్దు. లోపల గొళ్లెం పెట్టియ్యి. సన్నది గాదు, బొటనవేలంత లావుది. వడ్ల వెంకటన్న వడ్రంగి కొట్టు గీ ఎనుకనే ఉన్నది, అర్ధగంట పని.”

“గంట సేపు కూసునే దానికి గొళ్లెం ఎందుకు?”

“నీకు ఎందుకో నాకు తెల్వదు. నాకు కావాలె. లేకుంటె నేను రాను.”

“సరే సరే, పెట్టిస్త. మేడంకు చూపెట్టనీకి గూడ పనికొస్తది. మహిళల భద్రత అని రాసుకుంట. నేను ముందుగాల పోయి మిగిలిన పనులు చూస్త, పదిన్నరకు మీరు ఆటోల రండ్రి. మేడం అడిగితె ఏం చెప్తవు? తిండి ఎట్లుంది?”

“మంచిగుంది.”

“నీళ్లు?”

“మంచిగున్నయి.”

“ఎన్ని దినాల సంది ఉంటున్నవు?”

“మంచిగుంది.”

“గట్ల కాదు పెంటమ్మా. ఆరు నెలలు అనాలె.”

“ఆరు నెలలు మంచిగుంది అంట. ఇగ పో.”

అదే రోజు, పదకొండున్నర. షెల్టర్‌లో ఆడవాళ్ల గది తలుపు మూసి ఉంది. లోపల పెంటమ్మ, రోజా. బయట సుదర్శన్, తనిఖీకి వచ్చిన సుమన మేడం.

“ఈ రిజిస్టర్ ఎవరు రాస్తున్నరు సుదర్శన్?”

“ఎవలు పండుకుంటె వాళ్లే సంతకం పెడ్తరు మేడం.”

“అందరి చేతిరాత ఒక్కతీరుగ ఉంది. అందరు ఒకే బడిల చదువుకున్నట్టున్నరు.”

“పల్లెటూరి మనుషులు మేడం. గట్లనే ఉంటది.”

“ఈ కురుమూర్తి అనే ఆయన ఫిబ్రవరి ముప్పయ్యో తారీకు గూడ ఇక్కడ పండుకున్నడు.”

“అది... నిద్రమత్తుల రాసుంటడు మేడం.”

“ఎవరి నిద్రమత్తు? సరే. అక్కడ మంచాల మీద పరుపులకు ప్లాస్టిక్ కవర్లు గూడ తియ్యలేదు.”

“దుమ్ము పడొద్దని మేడం.”

“మనిషి గూడ పడొద్దనుకున్నరేమో. మహిళల గది ఇదేనా?”

“ఇదే మేడం. వీళ్ల భద్రతకు ప్రత్యేకంగ లోపల గొళ్లెం గూడ పెట్టిచ్చినం. లోపలికి పోతె కనిపిస్తది. పెంటమ్మా, తలుపు తియ్యి. మేడం వచ్చింది.”

“నమస్తె మేడం. తలుపు తియ్యను.”

“మజాక్ చెయ్యకు పెంటమ్మా.”

“మజాక్ కాదు సారు. గొళ్లెం మస్తు బిగువుగ ఉన్నది. వెంకటన్న చెయ్యి మంచిది. ఇగ మేము ఇక్కడనే ఉంటం.”

“అమ్మా, నా పేరు సుమన. తనిఖీకి వచ్చిన. మీకేమన్న ఇబ్బంది ఉంటే చెప్పండి.”

“ఏం ఇబ్బంది లేదు మేడం. తిండి మంచిగుంది, నీళ్లు మంచిగున్నయి, ఆరు నెలల సంది ఉంటున్నం. గిట్ల చెప్పుమన్నడు, చెప్పిన. నిజం చెప్పాల్నంటె పదిన్నరకు ఆటో దిగినం.”

“మేడం, ముసలామె. మతి నిలకడ లేదు. నేను గట్ల చెప్పలే.”

“ఫిబ్రవరికి ముప్పై దినాలున్న చోట గంటకు ఆరు నెలలు ఉంటే నేనేం ఆశ్చర్యపోను. మీరు చెప్పండమ్మా, తలుపు ఎందుకు తియ్యరు?”

“పిల్ల పండుకుంది మేడం. నా పక్కకు రోజా అని ఒక పిల్ల ఉన్నది. ఏడాది సంది పండుకోలే. కూసునే కండ్లు మూస్తది, కూసునే తెరుస్తది. ఇయ్యాల గూడ గడప కాడ ఆగిపాయె, కొత్త గొళ్లెం చూపెడ్తెనే లోపలికొచ్చింది. నేను గొళ్లెం పెట్టంగ చూసింది. తానే పోయి గుంజి చూసింది, మళ్ల గుంజి చూసింది. ఇగ వచ్చి, కాళ్లు చాపి పండుకుంది. గురక పెడ్తుంది మేడం. నాకు ఏడ్పొస్తుంది. ఇప్పుడు తలుపు తీస్తె లేస్తది. లేస్తె మళ్ల ఎన్నడు పండుకుంటదో. మీ కాళ్లు మొక్కుత, కిటికిల నుంచి ఫోటో తీసుకొని పోండ్రి.”

“నేను ఫోటో కోసం రాలేదమ్మా.”

“అందరు గట్లనే అంటరు మేడం, ఏమనుకోకుండ్రి.”

“మేడం, గిదే నేను చెప్పేది. వీళ్లు లోపలేసుకొని రేపు ఏమన్న చేసుకుంటె జవాబుదారి ఎవలు? గందుకే లోపల గొళ్లెం ఉండొద్దని నేను మొదటి సంది అంటున్న. పీకిస్త మేడం. పొద్దూకె లోపల పీకిస్త.”

“భద్రత కోసం ప్రత్యేకంగ పెట్టిచ్చినం అని ఇప్పుడే అన్నరు.”

“పెట్టిచ్చినం. పెట్టిచ్చినం గానీ...”

“మరి పీకడానికి అంత తొందరేంది?”

“తొందరేం లేదు. రూలు మేడం.”

“ఏ రూలు? చూపించండి.”

“కాయిదం సొసైటి ఆఫీసుల ఉన్నది.”

“బయటి గొళ్లానికి రూలు ఉందా? దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది?”

“ఇంతకుముందు వాచ్‌మన్ దగ్గర ఉండె మేడం. వాన్ని తీసేసినం.”

“ఇంతకుముందు సంగతి కాదు. ఇప్పుడు?”

“నా దగ్గరనే. ఇంకెవలున్నరు.”

“సరే. ఆ అమ్మాయిని లేపకండి. నేను ఇక్కడ కుర్చీ వేసుకొని కూర్చుంట. లేచినంక మాట్లాడుత.”

“మీరెందుకు కూసోవాలె మేడం. మీకు ఇంక ఊర్లు తిరిగేది ఉంటది. ఒక్క నిమిషం. గిసొంటోళ్లతోటి ఎట్ల మాట్లాడాల్నో నాకెర్క. గట్టిగ గాదు, మెల్లగ, ప్రేమతోటి చెప్పాలె. రోజా... రోజా బిడ్డా. తలుపు తియ్యి బిడ్డా. భయం లేదు, నేనే. నీకు కొత్త దుప్పటి తెచ్చిన.”

“సారు, పిల్లను లేపకు అంటున్న కదా. అగ్గో, లేసి కూసుంది. ఏంది రోజా? ఏమైంది? నా చెయ్యి ఎందుకు గట్ల పట్టుకున్నవు? నేను తియ్యలే. చూడు, గొళ్లెం గట్లనే ఉన్నది.”

“తియ్యి బిడ్డా. ఏం కాదు.”

“తియ్యకు అవ్వా.”

“రోజా? నువ్వేనా తల్లీ మాట్లాడింది?”

“ఆ రాత్రి గూడ గీ గొంతే. గిట్లనే, బిడ్డా బిడ్డా అనుకుంటనే బయటి గొళ్లెం తీసిండు.”