ఒక ఛాయ లేతగా

ప్రదర్శన తలుపులు తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. మ్యూజియంలో పాత కుండలు అతికించే అక్క, అద్దాల పెట్టె తెరిచి రెండు వేల ఏళ్లదని కార్డు పెట్టిన కుండను బోర్లించి చూస్తోంది. పక్కనే పెంకులతో చేసిన కొత్త శిల్పం వేలాడుతోంది. దాని కింద దాన్ని చేసిన శిల్పి నిలబడ్డాడు, ఆమె తమ్ముడే.

“ఇది నేను చేసిన నకలురా. అసలుది ఏదీ?”

“నీకు చాదస్తం ఎక్కువైందక్కా. అదే అసలుది.”

“నకలు చేస్తే అడుగున బొటనవేలు ఒత్తుతాను, రేపెవరూ దాన్ని అసలుదని చెప్పుకోకుండా. ఆ గుంటను మట్టితో పూడ్చావు. గోటితో గీకితే రాలింది.”

ఆమె తలెత్తి శిల్పంలోని పెంకుల్ని ఒక్కొక్కటిగా చూసింది.

“కొత్త పెంకులకు ఆ కళ రాలేదక్కా. పగలగొట్టేటప్పుడు నా చేతులు వణికాయి, ఒట్టు.”

“మరి ‘పరీక్షించినది’ అని కార్డు మీద నా పేరు రాయించేటప్పుడు వణకలేదా?”

“నీ పేరుంటే ఇంకెవరూ చూడరని.”

“నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. పూడ్చిన పని బాగుందిరా, నేర్పింది నేనేగా. పూడ్చిన చోటు ఒక ఛాయ లేతగా ఉండాలి, చూసేవాళ్లను మోసం చెయ్యకూడదని కూడా చెప్పాను. ఆ ఒక్కటే నేర్చుకోలేదు.”

“ఇప్పుడేం చేస్తావు?”

ఆమె కార్డు తీసి, తన పేరు కింద పెన్నుతో రాసింది: ‘ఇది నకలు. అసలుది పక్కనే వేలాడుతోంది.’

“అక్కా, అందరూ వచ్చేస్తున్నారు.”

“రానీ. వెళ్లి తలుపులు తెరవమను.”