సాగర్, తీర

వంటింటి తలుపు మీద గొడ్డలి దెబ్బలు పడుతున్నాయి. నిండు నెలల కోడలు పగిలిన పెదవిని కొంగుతో అదుముకుంది. అత్త బియ్యం బస్తాను తలుపుకు అడ్డంగా ఈడ్చింది. బయట ఉన్నవాడు ఆమె కన్నకొడుకే.

"వాణ్ణేమన్నావే?"

"కవలల్లో ఒకరు మగ, ఒకరు ఆడ అయితే సాగర్, తీర అని పెడదామన్నానత్తయ్యా. మా పుట్టింటి ముందున్న సముద్రం గుర్తుగా."

"అంతేనా?"

"మీ ఊరి ఊసు నా పిల్లలకెందుకే అంటూ కొట్టారు. కడుపు మీద తన్నబోతే ఇలా పరిగెత్తుకొచ్చాను."

గొడ్డలి అంచు చెక్కను చీల్చుకుని లోపలికి వచ్చింది.

"వీళ్ల నాన్నా ఇంతే. ముప్పై ఏళ్లు నోర్మూసుకుని పడున్నాను. అది చూసే వీడు నేర్చుకున్నాడు. పెరటి గుమ్మంలోంచి పక్కింటి నర్సు దగ్గరికి వెళ్లు."

"మరి మీరో?"

అత్త రోకలి అందుకుంది. తలుపు విరిగి, గొడ్డలి పట్టిన చెయ్యి లోపలికి దూరింది. ఆమె బలంకొద్దీ మోదింది. మణికట్టు ఎముక పటుక్కుమంది.

"అమ్మా!" అని కొడుకు గావుకేక పెట్టాడు.

కోడలు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"నిలబడ్డావేమే, నడువు! పేర్లెవరు పెట్టారని ఎవరైనా అడిగితే, నాయనమ్మ పెట్టిందని చెప్పు," అంటూ ఆమె మళ్లీ రోకలెత్తింది.