కరగని ఏట్లో ఫాన్ పంతులు

ఏరా అబ్బాయ్, రేపటి వసంత గోష్ఠికి పద్యం కట్టావా? ఏరు చూసి కట్టావా, కుంపటి పక్కన కూచుని కట్టావా? అబ్బే, ఊరికే అడిగాలే. మీ వీధి చివర ఫాన్ పంతులని ఒకాయన ఉండేవాడు, నువ్వు పుట్టకముందే పోయాడు పాపం. తొలి వసంతం మీద ఆయనంత బాగా రాసేవాడు ఈ లోయలోనే లేడు. బొంత కిందనుంచే అంతా చూసేవాడు మరి! ఆ ఏడు తావ్ దొరగారు మనవలకి చదువు చెప్పేవాణ్ణి వెతుకుతున్నారు. గోష్ఠిలో మెప్పించినవాడికే కొలువు. ఫాన్ ఇంట్లో అప్పటికి పొయ్యిలో పెట్టడానికి వీధి తలుపొక్కటే మిగిలింది.

పంచాంగంలో వసంతం వచ్చేసింది. ఏటికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు, సగం గడ్డకట్టే ఉంది. దొరగారు వచ్చిందన్నాక రాకేం, అందరం పల్చటి బట్టలు కట్టుకెళ్లి వణికాం. ఆయనొక్కరే నక్క తోలు కోటు వేసుకున్నారు. ఆనవాయితీ తెలుసుగా, అందరం గట్టున కూచుంటే ఏటి ఎగువనుంచి సారా గిన్నె నీళ్లలో తేలేట్టు వదులుతారు. అది ఎవరి ముందు ఆగితే వాళ్లు పద్యం చెప్పాలి, అక్కడున్నంతసేపూ వంతు వాళ్లదే. చెప్పలేకపోతే ఆ సారా తాగి పరువు పోగొట్టుకోవాలి. గిన్నె వచ్చి ఫాన్ ముందు మంచులో ఇరుక్కుంది. ఆయన లేచి, పళ్లు టకటకలాడిస్తూ "మంచు కరిగె, ఏరు పాడె" అని అందుకున్నాడు. దొరగారు ముక్కు తుడుచుకుని "ఆహా, కళ్లకు కట్టావయ్యా!" అన్నారు. గిన్నె కదల్లేదు. ఇంకోటి చెప్పాడు. కదల్లేదు. పద్యాల్లో బాతులొచ్చాయి, గడ్డి మొలిచింది, గాలి వెచ్చబడింది, గిన్నె అలాగే ఉంది. చివరికి వాళ్లావిడ గట్టు మీంచి "కరిగిందంటున్నావుగా, దిగి తొయ్యవయ్యా!" అని అరిచింది. దిగాడు. మంచు పగలగొట్టి తోశాడు. అది తిన్నగా పోయి దొరగారి ముందు ఆగింది.

అందరం చెవులు రిక్కించాం. దొరగారు ఫాన్ వైపు చూశారు. ఫాన్ మోకాలి లోతు నీళ్లలో నించుని ఆకాశం వైపు చూశాడు. ఏటేటా దొరగారు చదివే పద్యం ఈయనే రాసిచ్చేవాడులే, ఊరందరికీ తెలుసు, ఎవరికీ తెలీదు. ఆ ఏడాదిదీ రాసిచ్చాడు. కానీ గిన్నె కదలక, సరుకైపోయి, ఇందాక అదీ చదివేశాడు! దొరగారు కాసేపు దగ్గి, గిన్నె ఎత్తి తాగారు. కొలువు ఆ పూటంతా నోరు విప్పనివాడికిచ్చారు. సాయంత్రం ఫాన్ ఇంటి తలుపు పొయ్యిలోకెళ్లింది.

వసంతం మీద రాయడం మాత్రం మానలేదు మహానుభావుడు. ఎందుకైనా మంచిదని, ఎండలు ముదిరాక రాసేవాడు. సరేలే, నీ పద్యం చదువు, విందాం... "వెచ్చని గాలి తాకె"నా? ఊఁ, బాగుంది. ముందా తలుపెయ్యరా, చలి.