గేటు బయటి నిరీక్షణకు విలువ కట్టిన కత్తెర మేడమ్

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం నాడు ప్రభుత్వ న్యాయ సహాయ కార్యాలయపు బిల్లుల విభాగంలో సహాయకురాలిగా చేరిన నాటి నుండి, పరిశీలనాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న నేటి వరకు, ప్రజాధనాన్ని కంటికి రెప్పలా కాపాడిన మన మేడమ్ గారికి ‘కత్తెర మేడమ్’ అన్న బిరుదు ఎవరు ప్రసాదించారో తెలియదు గానీ, ఆ బిరుదుకు వారు ఏనాడూ లోటు రానివ్వలేదు.

లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల పక్షాన వాదించే న్యాయవాదులకు ప్రభుత్వం చెల్లించే ఫీజుల బిల్లులన్నీ, మెట్ల పక్కనున్న ఆ ఇరుకు గదిలో వారి బల్ల మీదికే చేరేవి. చేరినది చేరినట్టుగా బయటపడిన బిల్లు అరుదు. కొత్త న్యాయవాదులు ఆ గుమ్మం ముందు చెప్పుల చప్పుడైనా కాకుండా నడిచేవారంటే అతిశయోక్తి కాదు. గడియారాలు బాగుచేసే వారి శ్రీవారు సైతం, “ఇంట్లో నా మాటల్లో కూడా సగం కొట్టేస్తుందండీ” అని నవ్వుతూ చెప్పుకునేవారు.

ఆ కత్తెరకు ఒకనాడు అడ్డు తగిలింది. ‘జైలు గేటు వద్ద నిరీక్షణ’ అన్న పద్దును మేడమ్ కొట్టివేయగా, ఆ బిల్లు పెట్టిన యువ మహిళా న్యాయవాది గుమ్మంలోనే నిలబడి, “ఒక్క పూట నాతో రండి మేడమ్. చూశాక కూడా కొట్టేస్తానంటే మీ ఇష్టం” అన్నారు. పంతానికి పోయి మేడమ్ వెళ్లారు.

నీడ లేని గోడ వెంట పొద్దున మొదలైన నిరీక్షణ మధ్యాహ్నం దాటాక గానీ ముగియలేదు. లోపల, ఒక దుకాణంలో దొంగతనం చేశాడన్న అభియోగంపై నిర్బంధంలో ఉన్న వడ్రంగి బెంచీ అంచున కూర్చుని ఒకే మాట పట్టుకున్నాడు.

“ఒప్పేసుకుంటానమ్మా. తొందరగా తేలిపోద్ది.”

“నువ్వు చేశావా?” అన్నారు లాయరు.

“లేదు.”

“మరి ఆ సాయంత్రం ఎక్కడున్నావు?”

“అది మాత్రం అడక్కండమ్మా” అన్నాడతను. లాయరు తొందరపెట్టలేదు. చెక్కల గురించీ, రంపాల గురించీ, అతని పసిపాప గురించీ కబుర్లు చెబుతూ కూర్చున్నారు. చాలాసేపటికి అతను తల వంచుకుని, “పెద్దవాళ్లకి సాయంత్రం చదువు చెప్పే బడి ఉంది కదమ్మా, అక్కడున్నాను. పది పాసయ్యానని చెప్పి పెళ్లి చేసుకున్నాను. అక్షరాలు దిద్దుకుంటున్నానని మా మామగారికి తెలిస్తే తలెక్కడ పెట్టుకోను?” అన్నాడు.

“దొంగవంటే పెట్టుకోగలవా, నాయనా?” అని అడిగినది లాయరు కాదు, అంతవరకు గోడవారగా కూర్చున్న మేడమ్.

బడి పంతులమ్మ సాక్ష్యంతో విచారణ మొదలు కాకముందే కేసు వీగిపోయింది. మామగారు కొన్నాళ్లు అలిగి, ఆ తరువాత తామే అల్లుణ్ణి బడి దగ్గర దిగబెట్టసాగారట. మేడమ్ మనసును కలచివేసినది మాత్రం వేరు. నాటి నిబంధన ప్రకారం, విచారణ జరిగితేనో, ముద్దాయి నేరం ఒప్పుకుంటేనో తప్ప లాయరుకు ఫీజు లేదు. అతను చేయని నేరాన్ని ఒప్పేసుకుని ఉంటే ఫీజు దక్కేది; నిజం రాబట్టి ముందే బయటికి తెచ్చినందుకు ఏమీ దక్కలేదు.

ఆ నిబంధనను మార్చమంటూ మేడమ్ పంపిన ప్రతిపాదన వెనక్కి రావడం, వారు మళ్లీ పంపడం ఏళ్ల తరబడి సాగింది. ఆర్థిక శాఖ అధికారి ఒకరు సమావేశంలో, “దొంగల కోసం ఖజానా తలుపులు తీయమంటారా?” అని ఎద్దేవా చేస్తే, మేడమ్ తొణకకుండా, “దొంగా కాదా అని తేల్చే పనికి కూలి అడుగుతున్నానండీ” అన్నారు. ఆ మాటకు మూల్యంగా పదోన్నతి చేజారింది. తమ కింద పనిచేసిన వారు పై కుర్చీలో కూర్చుంటే, వారి ఎదుట నిలబడి అదే ప్రతిపాదనను మళ్లీ వినిపించారు.

ఎట్టకేలకు కొత్త నిబంధనలు వచ్చాయి. ముద్దాయితో తొలి సమావేశానికీ, నిరీక్షణకూ, విచారణకు ముందు చేసే శ్రమకూ ఫీజు ఏర్పడింది. బతుకుతెరువు కోసం ఆస్తి తగాదాల వైపు మళ్లిన న్యాయవాదులు కొందరు తిరిగి వచ్చారు. అందరూ రాలేదు, నిర్ణయించిన ఫీజు నేటికీ చాలదు. ఈ రెండు మాటలూ దాచడం మేడమ్ గారికే నచ్చదు. ఇక కొత్త నిబంధనల కింద మొదటి బిల్లు పెట్టినది, నాడు జైలుకు తీసుకెళ్లిన ఆ లాయరే. మేడమ్ దాన్ని ఆసాంతం చదివి, “నిరీక్షణలో భోజనం చేసిన సమయం కూడా కలిపావు తల్లీ” అంటూ ఆ కాస్తా కొట్టేశారు.

విరమణానంతరం సలహా సంఘంలో చేరమన్న ఆహ్వానాన్ని వారు సున్నితంగా తిరస్కరించారు. కారణం అడిగితే, “ఇన్నేళ్లూ వాదనల బిల్లులే చూశాను. ఒక్క వాదనైనా మొదటి నుంచి చివరిదాకా వినలేదు. వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాను” అన్నారు. శ్రీవారు కూడా తోడు వస్తానన్నారు, మధ్యలో మాట్లాడనని మాటిచ్చి. ఆ దంపతులకు కోర్టు మెట్లెక్కే ఓపికా, చెవులకు చురుకుదనమూ, తొందరన్నది లేని పూటలూ చిరకాలం దక్కాలనీ, వారు వింటుండగా ఎందరో నిరపరాధులు తలెత్తుకుని ఇంటిదారి పట్టాలనీ సహోద్యోగులందరి మనఃపూర్వక ఆకాంక్ష.