బెల్లం పానకంలో షుగర్ పొడి

"అవ్వా, ఆ షుగర్ పొడి సంగతి చెప్పు. రికార్డు చేస్తాండా."

అది గూడా రికార్డా? సరే, చెప్తా గానీ నగొద్దు.

మా చెల్లెలి కొడుకు ఈరన్న లేడా, తోరణగల్లు ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోతాడే, వాడొకనాడు టై కట్టుకోని వచ్చినాడు. పెండ్లిలో గూడా కట్టుకోలేదప్పా వాడు! చేతిలో ఇంత డబ్బా. "పెద్దమ్మా, నీ షుగర్ మాత్రలన్నీ కెమికల్లు, మానెయ్. చక్కెరా కెమికల్లే. ఇది ఆకులపొడి, న్యాచురల్" అన్యాడు. డబ్బా నా చేతికిచ్చి, నగు పెద్దమ్మా అని ఫోటో తీస్కున్యాడు. ఆ బస్సులో సగం మంది అమ్మేవాళ్లంట, తక్కినోళ్లు కొనేవాళ్లంట. ఆ డబ్బాకిచ్చిన దుడ్డుకు మా నాయన జత ఎద్దులు తెచ్చేవాడు. కాదు కాదు, ఒక ఎద్దు. అబద్ధమెందుకు.

ఆ పొడి చేదు, నోట్లో పెట్టలేం. ఉగాదికి బేవు-బెల్లమని యాపపూతలో బెల్లం కలిపి తినే ఊరు మనది, ఒట్టి చేదు ఎవరు మింగుతారు? చక్కెర వద్దన్యాడు, బెల్లం వద్దనలేదు కదా. పానకం చేసి పొడి కలుపుకోని పొద్దునొక లోటా, మాపునొక లోటా. ఏం కమ్మగుండె! మాత్రలు గూట్లో పారేస్తి.

నీ కడుపులో బిడ్డకు బొంత కుట్టాల కదా. మనింట్లో యా బిడ్డ పుట్టినా నా బొంతలోనే పండుకోవాల. ఒకనాడు సూది పట్టుకుంటే బెజ్జమే కనపళ్లే. అంతా మబ్బు. చచ్చేదానికి భయపళ్లేదు తల్లీ, బొంత సగంలో నిలిచిపోతాదని ఏడిస్తి. ఆ పొద్దే తల తిరిగి పడితి. మీ నాయన బళ్లారి ఆస్పత్రికి ఎత్తుకోని పోయె.

ఆడ నాకు సెలైను ఎక్కిస్తాండారా, పక్క మంచం ముసలామె కోడలు ఫోను చూసె, నన్ను చూసె, మళ్లా ఫోను చూసె. "అజ్జీ, ఇదు నీవే అల్వా?" అనె, ఇది నువ్వే కదా అవ్వా అని. చూస్తే నేనే! డబ్బా పట్టుకోని నగుతాండా. కింద రాసినాడంట ఈరన్న, మా పెద్దమ్మకు షుగర్ మాయమని. ఆ పిల్ల ఏమడిగెనో తెలుసా? ఈ పొడి యాడ దొరుకుతాది అజ్జీ, మా అత్తకు కావాల అని! నా చేతికి సూది గుచ్చింది కనపళ్లేదా ఆమెకు? షుగర్ కాదు, నేనే మాయమయ్యేదాన్నని అరిస్తి. నర్సమ్మ పరిగెత్తుకోని వచ్చె.

ఈరన్న గూడా వచ్చినాడు, టై లేకుండా. "బెల్లం ఎవరు కలపమన్యారు పెద్దమ్మా?" అంటాడు. "మాత్రలు ఎవరు మానమన్యార్రా?" అంటి. నా ముందరే ఫోనులోంచి ఆ ఫోటో తీసేపిస్తి.

ఇప్పుడు మాత్రలే మింగుతాండా. కండ్లు రోంత తేరుకున్యాయి గానీ, బెజ్జం ఒకటుంటే రెండు కనపడ్తాయి. ఆ ఫోను పక్కన పెట్టు తల్లీ, ఈ సూదికి దారమెక్కించు. బిడ్డా నువ్వూ సల్లగుండాల... ఎక్కిందా? ఇట్లియ్యి. బొంతకు ఇంగ ఒక అంచే ఉండాది.