చివర కుట్టిన ఊరట

అన్యాయం జరిగింది మా చెల్లెలికి. జనవరి తొమ్మిది, శుక్రవారం, మధ్యాహ్నం మూడు దాటాక. చేసింది మీ పుస్తకం. ముందు ఇది రాసుకోండి డాక్టరుగారూ, కూర్చోమని తరవాత అందురుగాని.

కూర్చోను. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లని మెత్తటి మాటలతో ఎలా జోకొడతారో నేను చదివాను. నా దగ్గర కుదరదు.

అపాయింట్‌మెంటా? బయట ఆ అమ్మాయీ అదే అడిగింది. భయం అపాయింట్‌మెంట్ తీసుకుని వస్తుందా అన్నాను. పాపం, పెన్ను కింద పడేసుకుంది.

ఇదిగో. మీదేగా? అట్ట మీద మీ పేరు. లోపల మీ ఫొటో, జుట్టు ఇంకా ఉన్నప్పటిది. భయాల గురించీ, హిప్నోథెరపీ గురించీ మూడొందల పేజీలు.

నేను బడిలో చదువుకున్నది తక్కువ, బల్ల దగ్గర చదివింది ఎక్కువ. లైబ్రరీ బైండింగు గదిలో ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్నాను. వెన్ను విరిగిన ప్రతి పుస్తకమూ నా దగ్గరికి రావాల్సిందే, చదవకుండా నేను దేన్నీ తిరిగి పంపను. గుండె జబ్బులు, నక్షత్రాలు, తేనెటీగలు, విడాకుల చట్టం, ఏదీ వదల్లేదు. మా మరిది, అదే చెల్లెలి మొగుడు, ఎదురుగా ఉంటే "వదినగారూ" అంటాడు, వెనకాల "చెదపురుగు" అంటాడు. బాగానే పెట్టాడు.

చెల్లి సంగతి వినండి. సిటీ బస్సు డ్రైవరు. అరవైమంది జనంతో అంత బస్సునీ సందుల్లో ఒంటిచేత్తో తిప్పేస్తుంది. అలాంటిదానికి లిఫ్టంటే చచ్చే భయం. ఏడో అంతస్తుకైనా మెట్లే. "కాళ్లు గట్టిపడతాయిలే అక్కా" అని నవ్వేసేది. మేమూ నవ్వేవాళ్లం. అది పిరికితనం కాదనీ, ఒళ్లు ఎప్పుడో నేర్చుకున్న తప్పు పాఠమనీ, బుద్ధి ఎంత చెప్పినా ఒళ్లు వినదనీ మీ పుస్తకం చదివాకే నాకు తెలిసింది. అక్కడిదాకా మీకు దండం.

డిసెంబరులో దానికి తలనొప్పి మొదలైంది. ఆ తరవాత రోడ్డు మీద ఒక్కో బండీ రెండుగా కనబడటం. స్టీరింగు మాన్పించి డిపోలో కూర్చోబెట్టారు. తల లోపల చూడాలి, గొట్టంలాంటి మెషీన్లో నలభై నిమిషాలు కదలకుండా పడుకోవాలి అన్నారు. బల్ల లోపలికి జరిగిందో లేదో, కిందికి దూకి ఆస్పత్రి గౌనుతోనే పార్కింగులోకి పరిగెత్తింది. మత్తిచ్చి తీద్దామంటే దానికి ఉబ్బసం, మత్తు డాక్టరు ఒప్పుకోలేదు. మళ్లీ తేదీ ఇచ్చారు, వచ్చేవారం గురువారం. లోపల ఏదైనా పెరుగుతూ ఉంటే దీని భయం తగ్గేదాకా ఆగుతుందా, మీరే చెప్పండి?

అందుకని నేనే చేశాను.

అవును, నేనే. అలా చూడకండి. మీ దగ్గరికి వెళ్దామంటే, "నిద్రపుచ్చి నా గుట్టంతా లాగుతాడు, నేను రాను" అని మొండికేసింది. పుస్తకం వెనకాల కాగితానికో అభ్యాసం చొప్పున, రోగికి వినిపించాల్సిన మాటలన్నీ మీరే రాసిపెట్టారు కదా! వైద్యులకు మాత్రమే అని ఉందా? ఉంది లెండి. చీమల్లాంటి అక్షరాల్లో.

వంటగదిలో పడక కుర్చీ వేశాను. ఫోను ఆపాను. మరిదిని బజారుకి తరిమాను. "నా గొంతు ఒక్కటే విను" అన్నాను. ఇరవై నుంచి కిందికి లెక్కపెట్టాను. నిజం చెప్పొద్దూ, ఏడు దగ్గరికొచ్చేసరికి దాని నుదుటి మీద ముడత విడిపోయింది. చిన్నప్పుడు నా ఒళ్లో నిద్రపోయేటప్పటి మొహం అది. అమ్మ పోయాక పెంచింది నేనేగా. నాకు గర్వం వచ్చింది డాక్టరుగారూ! చెదపురుగు ఏం చేసిందో ఆ మరిది వచ్చి చూడాలి అనుకున్నాను.

కాగితం తిప్పాను. చదివాను. "నువ్విప్పుడు గొట్టంలో ఉన్నావు. పైకప్పు నీ ముక్కుకి జానెడు దూరంలో ఉంది. చేతులు కదలవు. దారి మూసుకుంది."

ముందు దాని వేళ్లు బిగిశాయి. తరవాత మెడ. నేను ఆపలేదు, గొంతు పెంచి చదివాను. భయం పెరిగి పెరిగి దానంతటదే దిగుతుందేమో అనుకున్నాను. దిగలేదు. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు, ఊపిరి లేదు. వెనక్కి పిలిచే మాటలు ఏ కాగితంలో ఉన్నాయి? వెతుకుతున్నాను. చెమట చేతులకి కాగితాలు అంటుకుపోతున్నాయి. ఎదురుగా నా చెల్లి చచ్చిపోతోంది, నేను పేజీలు తిప్పుతున్నాను!

దానంతటదే లేచింది. కుర్చీ తన్నేసి, నన్ను తోసేసి, వీధిలోకి.

ఇప్పుడు దాని బతుకేమిటో తెలుసా? బాత్రూము తలుపు ఊడదీయించింది. వరండాలో గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోంది. బస్సు తలుపులు బుస్సుమని మూసుకుంటే ఒళ్లంతా వణుకుతోందట, పదిరోజులుగా డిపో మొహం చూడలేదు. ఒక్క లిఫ్టు భయం పిల్లల్ని పెట్టింది! ఇదా మీ వైద్యం? ముందు మనిషిని గండంలోకి తోసి, ఊరట తీసుకెళ్లి ఆఖర్న పెడతారా? రాయడానికి చెయ్యెలా వచ్చింది మీకు?

ఏమిటా వెతకడం?

ఓ. మీ సొంత కాపీ.

వద్దు. పక్కపక్కన పెట్టి చూపించక్కర్లేదు. నాకు తెలుసు. ముందు, క్షేమంగా ఉండే చోటు. రోగి తనకిష్టమైన చోటొకటి మనసులో కట్టుకోవాలి, భయమేస్తే అక్కడికి వచ్చెయ్యగలగాలి. దాని తరవాత వెనక్కి పిలిచే అంకెలు. ఆ తరవాతే భయాన్ని పది మెట్లు చేసి, అడుగు మెట్టు దగ్గర మొదలుపెట్టడం. గొట్టం పదో మెట్టు. అన్నిటికంటే చివరిది. తెలుసు డాక్టరుగారూ. మర్నాడే పుస్తకాల షాపుకెళ్లి కొత్త కాపీ తిరగేశాను. నిలబడే ఆ అభ్యాసాలన్నీ చదివాను.

ఇక కూర్చుంటాను.

ఈ పుస్తకం నా బల్ల మీదికొచ్చినప్పుడు ఆ అభ్యాసాల కాగితాలన్నీ ఊడి, కలగాపులగంగా ఉన్నాయి. అంతకుముందు బయట కుట్టినవాడెవడో అడుగు అంచు మరీ లోపలికి కోసేశాడు, పేజీ అంకెలు పోయాయి. ముందు విషయసూచిక ఉంది. దాంతో పోల్చుకుంటే రెండు నిమిషాల పని. పోల్చలేదు. ముప్పై ఏళ్ల చెయ్యి, సూచిక చూసి కుట్టాలా? చదివి, నాకు సబబనిపించిన వరసలో పేర్చాను. పది మెట్లన్నారు కదా, పైనుంచి దిగడమనుకున్నాను. కష్టం ముందు, ఊరట వెనక. నాకెప్పుడూ అలాగే వచ్చింది. ఇంకో వరస ఉంటుందని తోచలేదు.

అదొక్కటే అయితే ఇంత అరిచేదాన్ని కాదు.

చెల్లికి ఏం చెప్పానో తెలుసా? "తప్పు నీది కాదే, నాదీ కాదు. ఆ డాక్టరు రాతే తప్పు" అన్నాను. షాపు నుంచి తిరిగొచ్చాక కూడా ఆ మాట మార్చలేదు. అందుకే మీ గుమ్మం తొక్కనంటోంది. చచ్చినా సరే ఆ మనిషి చేతిలో పడనంటోంది. స్కానుకి పదిరోజులుంది, మీ దగ్గరికి రావాల్సిన మనిషిని నా నోటితో నేనే తరిమేశాను.

మీరేమంటారో తెలుసు. ముందు ఆమెకి నిజం చెప్పమంటారు. చెబుతాను, ఇక్కణ్ణుంచి నేరుగా అక్కడికే. "నీకన్నీ తెలుసుగా అక్కా" అంటుంది. అననీ. నా మొహం చూడనంటుంది. అననీ. రేపు పొద్దున తీసుకొస్తే చూస్తారా? మీ గది కిందే ఉంది, లిఫ్టు లేదు. కాస్త ఆ తలుపు తెరిచి ఉంచండి.

ఫైల్లో మొదటి మాట మార్చండి, నేనే కదా రాయించాను. చేసింది మీ పుస్తకం కాదు. వెనక అట్ట లోపల మేం ఒక చీటీ అంటిస్తాం, ఎవరు సరిచూశారు, ఎవరు కుట్టారు, ఎప్పుడు. పొద్దున ఇక్కడికి బయల్దేరేముందు దాన్ని గోరుతో గీకేశాను. ఇదిగో, మచ్చ. మీకు కనబడకూడదని.

అందులో ఏముందో చెబుతాను, రాసుకోండి.

సరిచూసింది నేను. కుట్టింది నేను. తేదీ, నవంబరు ఇరవై ఆరు.